పదేళ్లు పడుకున్న యమహా మోటారు: కాకినాడ షెడ్డులో 12 రోజులు

ముందు మార్కులు చెప్పేస్తాను, టీచర్ని కదా. ఆ షెడ్డు మేస్త్రి గారికి ఐదుకి నాలుగు. ఒకటి ఎక్కడ కోశానో కింద రాశాను.

కాకినాడలో జగన్నాథపురం వంతెన దాటి హార్బరు వైపు వెళ్తే బోటు ఇంజన్లు బాగుచేసే రేకుల షెడ్లు ఉంటాయి. బయట వలలు ఆరుతుంటాయి, లోపల గ్రీజు, పక్కనుంచి ఎండుచేపల వాసన. వాటిలో ఒక షెడ్డులో మా నాన్నగారి యమహా 8 హార్స్ పవర్ ఔట్‌బోర్డ్ మోటారు, అంటే నావ వెనక తగిలించే ఇంజను, 12 రోజులుండి, నడుస్తూ బయటికొచ్చింది. ఇంట్లో ఇలాంటిదొకటి మూలన పెట్టుకుని, తూకానికి వేసేద్దామా బాగుచేయిద్దామా అని తేల్చుకోలేకపోతున్నవాళ్ల కోసం ఇదంతా రాస్తున్నాను.

మాది కోనసీమ, గోదావరి వైనతేయ పాయ గట్టు మీద ఊరు. ఏటికి అవతల లంకలో ఎకరంన్నర కొబ్బరితోట ఉంది. దింపు రోజున, అంటే కాయ కోయించే రోజున, మనుషుల్ని తీసుకెళ్లాలి, కాయ ఇవతలికి తెచ్చుకోవాలి. మా వైపు నావలకి ఎక్కువగా డీజిల్ ఇంజను పెట్టి, దానికి పొడుగు షాఫ్టు తగిలించి నడుపుతారు. గట్టిదే, కాదనను. కానీ ఎక్కించాలన్నా దింపాలన్నా ఇద్దరు ముగ్గురు కావాలి. మా నాన్నకి ఎవరినీ పిలవకుండా, తెల్లారకముందే ఒక్కరే తోటకి వెళ్లిరావడం ఇష్టం. అందుకని 2006లో ఈ పెట్రోలు మోటారు కొన్నారు. బరువు 27 కిలోలు. దాన్ని భుజానికెత్తుకుని రేవు మెట్లు దిగుతుంటే మా అమ్మ పైనుంచి తిడుతూ ఉండేది. 2015 పుష్కరాల 12 రోజులూ నడిపారు, చుట్టాలందర్నీ తిప్పారు. ఆ మరుసటేడు ఆయన పోయారు. మోటారు కొబ్బరికాయల పాకలో గోడకి ఆనుకుని, మీద గోనెసంచితో, అలాగే ఉండిపోయింది.

2022 జూలై వరదప్పుడు అది గుర్తొచ్చింది. ధవళేశ్వరం దగ్గర 17 లక్షల క్యూసెక్కులకే మూడో ప్రమాద హెచ్చరిక వేస్తారు, ఆ ఏడు 25 లక్షలు దాటింది. తోటలో రాశిపోసిన కాయ అంతా ఏటిపాలైంది. 8 హార్స్ పవర్ పెట్టుకుని ఆ నీళ్లలోకి దిగేవాళ్లమని అనడం లేదు, అంత పిచ్చి లేదు మాకు. రెండు రోజుల ముందే ఒడ్డుకి తెచ్చుకునేవాళ్లం, అంతే. ఆ రెండు రోజులూ డబ్బులిస్తామన్నా నావ దొరకలేదు.

అయినా ఇంకో మూడేళ్లు బద్ధకించాం. ఈ ఏడాది వేసవి సెలవుల్లో మా తమ్ముడు హైదరాబాద్ నుంచి వచ్చి గోనెసంచి తీసి, "ఒక్కసారి లాగి చూద్దాం అక్కా" అన్నాడు. లాగాడు. కదల్లేదు. కాలు తన్నిపెట్టి లాగాడు. తాడు తెగి, పిడి చేతిలోకొచ్చి, వాడు వెళ్లి కాయల రాశి మీద పడ్డాడు. మేం చేసిన మొదటి తప్పు అదేనని తర్వాత తెలిసింది.

రెండో తప్పు, దగ్గర్లోని పట్నంలో మోటారు సైకిళ్లూ పంపుసెట్లూ చేసే ఒక దుకాణానికి తీసుకెళ్లడం. పేరు రాయను. మూడు వారాలు ఉంచుకున్నారు. ఫోన్ చేసినప్పుడల్లా "చూస్తున్నామండీ". చివరికి చెప్పిందేంటంటే పిస్టన్ పట్టేసింది, స్పార్క్ రావడం లేదు, స్పార్క్ పుట్టించే కాయిలు కాలిపోయింది, కాయిలుకే 6,500, అంతా కలిపి 22,000 అవుతుంది. "ఎందుకండీ అంత ఖర్చు, 4,000 ఇస్తాం, ఇచ్చెయ్యండి" అని కూడా అన్నారు. వెనక్కి తెచ్చుకుని చూస్తే ఫ్లైవీల్ (ఇంజను మీద తిరిగే బరువు చక్రం) అంచు మీద రెండు చోట్ల సుత్తి దెబ్బలు. పైమూత కొక్కెం విరిగి ఉంది. అడిగితే, మేం తెచ్చినప్పుడే అలా ఉందన్నారు. ఆ మూతని మా నాన్న ఏటా కొబ్బరినూనె గుడ్డతో తుడిచేవారు. ఏది ఎలా ఉందో నాకు తెలుసు. గొడవపడే ఓపిక లేక వచ్చేశాను.

కాకినాడ సంగతి చెప్పింది మా స్కూల్లో చదివిన కుర్రాడు, ఇప్పుడు తాళ్లరేవు వైపు రొయ్యల చెరువుల దగ్గర పనిచేస్తున్నాడు. "టీచర్, బోటు ఇంజను బోటు ఇంజనోళ్ల దగ్గరికే తీసుకెళ్లాలి" అన్నాడు. ట్రాలీ ఆటో మాట్లాడుకున్నాం, రానూపోనూ 1,600. ఎదుర్లంక వంతెన మీదుగా యానాం దాటి, తాళ్లరేవు, కోరంగి మీదుగా వెళ్లాం. మోటారుని పాత పరుపు మీద పడుకోబెట్టాం, చాలా జాగ్రత్తగా తెచ్చామనుకున్నాం.

షెడ్డు ముందు ఆటో ఆగగానే మేస్త్రి గారు వచ్చి చూసి, మొదటి మాటే తిట్టు.

"తల కిందికెట్టి తెచ్చారేటండీ? కాల్లో ఉన్న నీళ్లన్నీ సిలిండర్లోకి దిగిపోవూ?"

ఆయన మాటల్లో మోటారుకి తలా కాలూ ఉంటాయి. తలంటే పైన ఇంజను, కాలంటే నీళ్లలో మునిగే కింది భాగం. పడుకోబెట్టాల్సి వస్తే తల వైపు ఎత్తుగా ఉండాలి. పరుపు కాలి కింద వేశాం మేము. ఆయనకి అరవై పైబడి ఉంటాయి. లుంగీ, బనీను, కళ్లద్దాల కాడకి పురికొస దారం. ఔట్‌బోర్డ్‌లు చేయడం 18వ ఏటనుంచీ అట.

నేను ఈయనకి మార్కులు వేసింది ఆయన చేసిన పనికంటే ముందు చేయని పనికి. తాడు లాగలేదు. కొత్త తాడు వేయమని మా తమ్ముడు అడిగితే, "అది ఆఖర్న" అన్నారు. పైమూత తీసి ముందు వాసన చూశారు. తర్వాత రెండు ప్లగ్గులూ విప్పి, వాటి కొసలు వెలుగులో తిప్పి చూసి, ఆ కన్నాల్లోంచి టార్చి వేసి నన్ను చూడమన్నారు. లోపల గోడ మీద టీ మరకలాంటి తుప్పు.

"పట్టేసిందంటే సచ్చిపోయినట్టు కాదండి. పిస్టన్ రింగులు గోడకి అతుక్కున్నాయి. మెల్లిగా ఇడదీయాలి. గట్టిగా లాగితే రింగు ఇరుగుద్ది, అప్పుడు నిజంగానే సచ్చిపోద్ది."

రెండు సిలిండర్లలోకీ డీజిలూ గేరాయిలూ కలిపిన మిశ్రమం పోసి, ప్లగ్గు కన్నాలకి గుడ్డ కుక్కి, మూడు రోజులు వదిలేశారు. ఊరికే వదిలేయడానికి కూడా కూలి తీసుకుంటారా అని మా తమ్ముడు నా చెవిలో గొణిగాడు. నాలుగో రోజు నేనొక్కదాన్నే వెళ్లాను. నా ముందే ఫ్లైవీల్ మీది నట్టుకి పొడుగు పిడి పానా తగిలించి, గడియారం తిరిగే వైపే నొక్కారు. ఆ వైపైతే నట్టు బిగుస్తుంది, ఊడిరాదు. ఇంజను మామూలుగా తిరిగేదీ అటే. మోచేతి బలం కూడా పెట్టలేదు, వేళ్లతో నొక్కి వదిలి, నొక్కి వదిలి. పావుగంటకి ఎక్కడో లోపల 'టిక్' మంది. ఆయన ఆగిపోయి, ఇంకాస్త నూనె పోసి, టీ తెమ్మని కుర్రాణ్ణి పంపారు. టీ తాగాక మళ్లీ నొక్కితే వెంట్రుకవాసి కదిలింది. అలా అలా మధ్యాహ్నానికి పూర్తి చుట్టు తిరిగింది. గుడ్డలు తీసి తిప్పితే ప్లగ్గు కన్నాల్లోంచి ఎర్రటి నూనె చిమ్మి ఆయన కళ్లద్దాల మీద పడింది. తుడుచుకోలేదు. ఇంకో రెండు చుట్లు తిప్పారు.

తర్వాత కంప్రెషన్ గేజి, అంటే సిలిండరు గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో చూపేది, పెట్టి చూస్తే ఒక సిలిండరు 95 పౌండ్లు, రెండోది 100. ఆ అంకె ఎంతున్నా, రెండిటి మధ్యా పదో వంతుకి మించి తేడా ఉండకూడదట. ఇదే కీలకం. ఇక్కడ ఒకటి 95, ఇంకొకటి 50 వచ్చి ఉంటే నా డబ్బులు నన్నే ఉంచుకోమని చెప్పేవాణ్ణన్నారు. మీ మోటారు బాగుచేయించాలా వద్దా అన్నది ఈ చిన్న గేజి తేలుస్తుంది. కాబట్టి దానికి ముందే మొత్తం ఖర్చు చెప్పేవాళ్లని నమ్మొద్దు.

ఇప్పుడు ఆ 6,500 కాయిలు సంగతి. ఇది రాస్తుంటే నాకు సిగ్గుగా ఉంది, ఎందుకంటే నేను పదో తరగతికి భౌతికశాస్త్రం చెప్తాను. మోటారుకి ఎర్రబటన్ ఉంటుంది, ఆపడానికి. అది నొక్కితే ఒక తెల్లవైరు వెళ్లి ఇంజను ఒంటికి, అంటే ఎర్త్‌కి, కలుస్తుంది. స్పార్క్‌కి వెళ్లాల్సిన విద్యుత్తు అటు పారిపోతుంది, ఇంజను ఆగుతుంది. మా బటన్ లోపల పదేళ్ల ఉప్పుగాలికి చిలుమెక్కి, ఎవరూ నొక్కకపోయినా నొక్కినట్టే ఉండిపోయింది. మేస్త్రి గారు చేసిందల్లా ఆ తెల్లవైరు జాయింటు ఊడదీసి, ప్లగ్గుని ఇంజను ఒంటికి ఆనించి, ఫ్లైవీల్ చేత్తో గిర్రున తిప్పడం. నీలంరంగు మెరుపు 'చిట్' మంది. రెండో దాన్లోనూ మంది. కాయిలు నిక్షేపంలా ఉంది.

"టీచరుగారికి తెలీని సర్క్యూట్టా ఇది?" అని నవ్వారు. ఏం చెప్పను.

కొత్త స్విచ్చికి 750 అయింది. చేతికి తగిలించుకునే ఎర్రతాడు ఉన్న రకం వేశారు, మనిషి నీళ్లలో పడితే క్లిప్పు ఊడి ఇంజను ఆగిపోతుంది. ఒక్కరే నడిపేవాళ్లకి ఇది ఉండి తీరాలని పట్టుబట్టారు. నాన్న ఇన్నేళ్లూ అది లేకుండానే వెళ్లేవారని అప్పుడు గుర్తొచ్చి కొంచెంసేపు మాట రాలేదు నాకు.

కార్బొరేటరు విప్పినప్పుడు వచ్చిన వాసన ఇంకా ముక్కులోనే ఉంది. పాత వార్నిష్ డబ్బా తెరిచినట్టు. పెట్రోలు ఎగిరిపోగా మిగిలింది అడుగున పాకంలా గట్టిపడింది. అందులో జెట్టు అని చిన్న ఇత్తడి ముక్క, మధ్యలో సూది మొనంత కన్నం. అది పూర్తిగా మూసుకుపోయింది. మా తమ్ముడు సైకిలు బ్రేకు వైరులోంచి ఒక పోగు లాగి ఇచ్చాడు పొడవడానికి. మేస్త్రి గారు దాన్ని తీసి బయటికి విసిరేశారు. ఇనుప తీగతో పొడిస్తే ఇత్తడి గీసుకుపోయి కన్నం పెద్దదవుతుంది, ఆ తర్వాత జన్మలో సరిగ్గా నడవదు. ఆయన వాడింది బయట ఆరేసిన వలలోంచి కత్తిరించిన నైలాన్ దారం. ద్రావకంలో ఒక రాత్రి నానబెట్టి, దారంతో లాగి, కన్నాన్ని ఆకాశం వైపు పెట్టి ఒంటికన్నుతో చూసి నాకిచ్చారు. గుండ్రటి చుక్క వెలుగు.

అదే నైలాన్ దారం ఇంకోచోట మా కొంప ముంచింది. గేరాయిలు తీయడానికి కాలి అడుగునున్న స్క్రూ విప్పితే, ధారగా నల్లగా రావాల్సింది చిక్కటి మజ్జిగలా తెల్లగా వచ్చింది. నీళ్లు కలిశాయన్నమాట. ఎందుకు కలిశాయి? ప్రొపెల్లరు తీసి చూస్తే దాని వెనక షాఫ్టు చుట్టూ ఆకుపచ్చ దారం బిగుసుకుపోయి ఉంది. ఎప్పుడో ఎవరిదో వల ముక్క ఏట్లో తగులుకుని, తిరిగి తిరిగి ఆయిల్ సీలు (నూనె బయటికి, నీళ్లు లోపలికి పోకుండా ఆపే రబ్బరు వలయం) అంచుని కోసేసింది. ఆయన పట్టకారుతో లాగుతుంటే మూరలకి మూరలు వచ్చింది. నెలకోసారైనా ప్రొపెల్లరు విప్పి వెనక చూడండి, రెండు నిమిషాల పని. కొత్త గేరాయిలు పోసేటప్పుడు కూడా పైనుంచి పోయకూడదు. అడుగు కన్నంలోంచి ఎక్కించాలి, పై కన్నంలోంచి పొంగేదాకా. పైనుంచి పోస్తే మధ్యలో గాలి ఉండిపోతుంది.

ఆలస్యమైందంతా కాలు విప్పడం దగ్గరే. ఉప్పుకి బోల్టులు పట్టేశాయి. బ్లో ల్యాంపుతో వేడిచేసి, చిన్నగా తట్టి, మళ్లీ వేడిచేసి మూడు విప్పారు. నాలుగోది తల తెగింది. ఇది ఆయనే ఒప్పుకున్నారు, దాచలేదు. దాన్ని డ్రిల్ చేసి కొత్త మర తీయడానికి రెండు రోజులు పట్టింది, దానికి డబ్బులు వేయలేదు.

లోపల నీళ్లపంపు. అందులో రబ్బరు రెక్కల చక్రం ఉంటుంది, ఇంపెల్లర్. అది ఏటినీళ్లు పైకి తోడి ఇంజనుని చల్లబరుస్తుంది. పదేళ్లు ఒకే భంగిమలో ఉండి రెక్కలన్నీ ఒకవైపు వంగి గట్టిపడ్డాయి. ఆరు రెక్కల్లో రెండు లేవు. ఇక్కడ ఇంకొకరైతే కొత్తది వేసి మూసేసేవారు. ఈయన మూయలేదు. ఆ విరిగిన రెండు ముక్కలూ దొరికేదాకా మూయనన్నారు, ఎందుకంటే అవి నీళ్లదారిలో ఎక్కడో అడ్డుపడే ఉంటాయి, కొత్త ఇంపెల్లర్ ఎంత తోడినా నీళ్లు తలదాకా చేరవు. ఒక ముక్క రాగి గొట్టంలో దొరికింది. రెండోదాని కోసం తలమీది మూత కూడా విప్పారు. అక్కడ ముందు కందిరీగ కట్టిన మట్టిగూడు వచ్చింది, దాని వెనక ఉప్పు పెచ్చులు, వాటి వెనక రబ్బరు ముక్క. మూడూ ఒక పేపరు మీద పెట్టి నాకు చూపించారు, మా స్కూల్లో స్పెసిమెన్లు పెట్టినట్టు.

ఇంపెల్లర్ డూప్లికేట్ 350కి దొరుకుతుంది, కంపెనీది 1,250. చూడ్డానికి ఒకేలా ఉంటాయి. రెక్కని రెండు వేళ్లతో మడిచి వదిలితే కంపెనీది వెంటనే లేస్తుంది, డూప్లికేట్ ఆలోచించుకుని లేస్తుంది. 900 తేడా కోసం ఇంజను తల కాల్చుకోకండి. ప్లగ్గులు, హోసులు మాత్రం బయట కొన్నవైనా పర్లేదన్నారు.

పదకొండో రోజు స్టార్టు చేశారు. నీలం ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్లు నింపి, మోటారుని దాని అంచుకి బిగించి, ప్రొపెల్లరు పైనున్న రేకు కూడా మునిగేలా చూశారు. నీళ్లు లేకుండా ఒక్క నిమిషం నడిపినా కొత్త ఇంపెల్లర్ పాడవుతుంది, 'ఊరికే చూద్దాం' అని గట్టు మీద స్టార్టు చేయొద్దు. అప్పటికి కొత్త తాడు వేశారు. మొదటి లాగుడికి దగ్గింది. రెండో లాగుడికి ఇంకొంచెం. మూడోదానికి తెల్లటి పొగ షెడ్డంతా నిండిపోయింది, నానబెట్టిన నూనె అంతా కాలుతూ. ఎదురింటి ఆవిడ పిల్లాణ్ణి ఎత్తుకుని తిడుతూ లోపలికెళ్లిపోయింది. పొగలోంచి మేస్త్రి గారి గొంతు మాత్రం వినిపిస్తోంది.

"ఉచ్చపోత్తున్నాడా? ఉచ్చపోత్తున్నాడా సూడరా!"

మోటారు వెనక చిన్న కన్నంలోంచి సన్నటి నీటిధార వస్తే పంపు పనిచేస్తున్నట్టు. అది రాకపోతే వెంటనే ఆపేయాలి. కుర్రాడు వంగి చూసి "పోత్తున్నాడు మామా!" అని అరిచాడు. నేను క్లాసులో ఈ మాట వాడలేను కానీ ఇంతకంటే తేలిగ్గా గుర్తుండే పాఠం ఇంకోటి లేదు.

మొత్తం 12,100. అందులో కూలి 4,500, మిగతావి సామాన్లు: కార్బొరేటరు కిట్టు, ఇంపెల్లర్ దాని ప్లేటుతో సహా, సీళ్లు, చేతిపంపుతో ఉన్న పెట్రోలు హోసు, స్విచ్చి, ప్లగ్గులు, నూనె. కొత్త మోటారు లక్ష పైమాటే కాబట్టి నాకు గిట్టింది. నాలుగేళ్లకోసారి ఏదో ఒక సీలు పోతుంది, అది కూడా లెక్కేసుకోండి.

ఇప్పుడు కోసిన ఒక్క మార్కు. ఈయన 'రేపు' అంటే రేపు కాదు. నాలుగు రోజులని చెప్పి 12 రోజులు చేశారు. బోల్టుకి రెండు రోజులు పోయాయి సరే, మిగతావి? చేపల సీజను ముంచుకొచ్చిందని వేటకెళ్లే బోట్లవాళ్ల ఇంజన్లు ముందు చేశారు. వాళ్లది పూట గడిచే పని, మాది కొబ్బరికాయల పని, కాబట్టి న్యాయమే. కానీ ఫోన్ చేసి చెప్తే అమలాపురం నుంచి రెండుసార్లు ఊరికే బస్సెక్కేదాన్ని కాదు. ఫోన్ ఎత్తరు. బిల్లు ఇవ్వరు, సిగరెట్ పెట్టె అట్ట వెనక రాసిచ్చారు, అదే నా దగ్గరుంది. కూర్చోడానికి తిరగేసిన పెట్రోలు క్యాను తప్ప ఏమీ లేదు. ఆడవాళ్లు ఒక్కరే వెళ్తే ఇబ్బందేం లేదు, మర్యాదగా మాట్లాడతారు, కానీ బాత్రూమ్ మాత్రం హార్బరు దాకా వెళ్లాలి. ఇంకోటి, సామాను కొనేముందు ధర చెప్పమని మనమే అడగాలి. అడిగితే పాతది పక్కన పెట్టి కొత్తది చూపిస్తారు, అడక్కపోతే వేసేస్తారు.

నంబరు అడగొద్దు, ఇక్కడ పెట్టొద్దని ఆయనే అన్నారు. కారణం తెలిసిందే, ఎత్తరు కదా.

ఇంటికొచ్చాక రెండు నెలలు నడిపిన అనుభవం. మొదటి ట్యాంకు పెట్రోలుకి లీటరుకి 40 మిల్లీలీటర్ల నూనె కలపమన్నారు, తర్వాత నుంచి 20. పాత స్కూటర్లకి పోసే 2టీ నూనె వద్దు. డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని రాసి ఉండాలి. స్కూటరు ఇంజను గాలికి చల్లబడుతుంది, ఇది నీళ్లకి. స్కూటరు నూనెలో ఉండే, బూడిద మిగిల్చే మందులు ఈ ఇంజను ప్లగ్గుల మీదా రింగుల్లోనూ పేరుకుంటాయి. కాకినాడలోనే రెండు డబ్బాలు తెచ్చుకున్నాను.

పెట్రోలు గురించి నాకొక అనుమానం ఉండి స్కూలు కొలజాడీతో పెరట్లో ప్రయోగం చేశాను. 100 మిల్లీలీటర్ల పెట్రోలు, 10 నీళ్లు పోసి, మూతపెట్టి ఊపి, నిలబెట్టాను. అడుగున 10 దగ్గరుండాల్సిన నీటి గీత 30 దగ్గరదాకా లేచింది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, ఆ ఇథనాల్ అంతా పెట్రోలుని వదిలేసి నీళ్లతో వెళ్లిపోయింది. ఏటి మీద, ఈ తేమలో, సగం ఖాళీ ట్యాంకు నెలల తరబడి ఉంచితే జరిగేది ఇదే, కాస్త నెమ్మదిగా. కార్బొరేటరు అడుగుకి ముందు చేరేది ఆ నీళ్లే. అందుకని వారానికి సరిపడా మాత్రమే కలుపుతున్నాను. ఒడ్డుకొచ్చాక హోసు పీకేసి, ఇంజను దానంతటదే ఆగిపోయేదాకా నడిపి కార్బొరేటరు ఖాళీ చేస్తున్నాను. నాన్న ఈ ఒక్క పనీ చేసి ఉంటే ఆ పాకం ఉండేది కాదు. వేసవిలో మా పాయలోకి ఉప్పునీళ్లు ఎగదన్నుతాయి, ఆ రోజుల్లో చెరువునీళ్ల డ్రమ్ములో పది నిమిషాలు నడిపి లోపల కడగాలి.

మొన్న కార్తీకంలో మొదటి దింపుకి వెళ్లాం. నావలో నలుగురు మనుషులు, వస్తూ 600 కాయ. అవతలి రేవుకి మా నాన్నకి పట్టినంతే పట్టింది, పావుగంట. ఎదురునీటిలో కొంచెం మూలిగింది కానీ ఆగలేదు. నేను వెనక కూర్చుని అస్తమానం ఆ సన్నటి ధార వైపే చూస్తుంటే దింపు మేస్త్రి, "ముందుకి చూసి నడపండి టీచరుగారూ, గట్టుకి గుద్దేత్తారు" అన్నాడు.

ఒక్కసారి మాత్రం ఏటి మధ్యలో ఆగింది. మోటారు తప్పు కాదు. పెట్రోలు ట్యాంకు మూత మీద గాలి లోపలికి పోవడానికి చిన్న మర ఉంటుంది, అది విప్పకపోతే ట్యాంకులో గాలి చాలక పెట్రోలు రాదు. మా దాని మర చెయ్యి జారి నీళ్లలో పడిపోయింది, ప్రస్తుతానికి అగ్గిపుల్ల గుచ్చి నడుపుతున్నాను. కాకినాడలో ట్యాంకు మొత్తం కొనమంటున్నారు. ఆ పాత ఎర్ర ప్లాస్టిక్ ట్యాంకు మూత విడిగా ఎక్కడైనా దొరికితే చెప్పండి.